ఎవరి నొప్పి, ఎవరి ఖర్చు

1970లో ఆక్స్‌ఫర్డ్‌ బేలియల్ కాలేజీ భోజనశాలలో ఒక పూట స్పఘెట్టీ వడ్డిస్తున్నారు. కెనడా నుంచి వచ్చిన తత్వశాస్త్ర విద్యార్థి రిచర్డ్ కెషెన్, దాని మీద పోసే సాస్‌లో మాంసం ఉందా అని అడిగారు. ఉందనేసరికి సలాడ్ తీసుకున్నారు. ఆయనతో భోంచేస్తున్న ఆస్ట్రేలియా విద్యార్థి పీటర్ సింగర్ కారణమేమిటన్నారు. కెషెన్ మతం మాట ఎత్తలేదు, ఆరోగ్యం మాట ఎత్తలేదు. జంతువులను మనం చూస్తున్న తీరు న్యాయంగా తోచలేదు, అందుకే మానేశానన్నారు. నీతిశాస్త్రమే చదువుకుంటున్న సింగర్‌ను ఈ ప్రశ్న అంతకుముందు ఎన్నడూ ఇంత సూటిగా నిలదీయలేదు. ఐదేళ్లకు, 1975లో, ఆయన ‘యానిమల్ లిబరేషన్’ వచ్చింది. జంతునీతి అనే చదువుకు విశ్వవిద్యాలయాల్లో కుర్చీ వేసింది ఆ పుస్తకమేనని చాలామంది లెక్క.

ఈ యాభై ఏళ్ల చదువును ఒక్కచోట పెట్టి చూస్తే అందులో రెండు ప్రశ్నలు పెనవేసుకుని ఉన్నాయి. ఏ ప్రాణి నొప్పిని లెక్కలోకి తీసుకోవాలి? ఆ నొప్పి తగ్గించడానికయ్యే ఖర్చు ఎవరు భరించాలి? మొదటిదాని మీద గొప్ప పని జరిగింది. రెండోది చాలాకాలం గుమ్మం బయటే నిలబడింది. భోజనాల బల్ల దగ్గర పుట్టిన చదువు కనుక తినేవాడి మనస్సాక్షే దాని కంటికి ఆనింది. పెంచేవాడు, తోలేవాడు, కోసేవాడు, తోలు వొలిచేవాడు ఆనలేదు. ఇప్పుడు ఈ రంగంలో జరుగుతున్న అసలైన పని ఆ రెండో ప్రశ్న మీదే ఉందని నా అభిప్రాయం. మన దేశానికి, మన తీరప్రాంతానికి ఈ చదువుతో నేరుగా సంబంధం కలిసేదీ అక్కడే.

సింగర్‌ ఒంటరిగా ఊడిపడలేదు. 1964లో రూత్ హారిసన్ అనే ఆంగ్ల మహిళ ‘యానిమల్ మెషీన్స్’ రాశారు. కోళ్లను, దూడలను ఫ్యాక్టరీ సరుకులాగా పెంచే కొత్త పద్ధతులను షెడ్ల లోపలికి వెళ్లి చూసి రాసిన పుస్తకం అది. దేశం ఉలిక్కిపడింది. ప్రభుత్వం బ్రాంబెల్ కమిటీ వేసింది. 1965లో ఆ కమిటీ చెప్పింది ఇంతే: పశువుకు లేచి నిలబడే, పడుకునే, వెనక్కి తిరిగే, ఒళ్లు శుభ్రం చేసుకునే, కాళ్లు చాపుకునే చోటుండాలి. ఇంత చిన్న కోరికను ఒక ప్రభుత్వ నివేదికలో అచ్చు వేయాల్సివచ్చిందంటే అప్పటికి షెడ్లు ఎంత ఇరుకయ్యాయో తెలుస్తుంది. ఆక్స్‌ఫర్డ్‌లోనే ఉన్న మనస్తత్వవేత్త రిచర్డ్ రైడర్ 1970లో ఒక కరపత్రం పంచారు. తెల్లవాడు నల్లవాడిని తక్కువ చేసినట్టే మనిషి ఇతర ప్రాణులను జీవజాతి పేరుతో తక్కువ చేస్తున్నాడనీ, అది కూడా వివక్షేననీ అందులో వాదించారు. గాడ్లోవిచ్ దంపతులు, జాన్ హారిస్ కలిసి 1971లో ఒక వ్యాస సంకలనం తెచ్చారు. దాన్ని 1973లో సమీక్షిస్తూ రాసిన వ్యాసమే సింగర్ పుస్తకానికి విత్తనం.

ఇంకా వెనక్కి వెళితే ఆంగ్ల తత్వవేత్త బెంథామ్ ఉన్నాడు. 1789లో వెలువడిన గ్రంథంలో ఒక అధోజ్ఞాపికలో, జంతువుకు తర్కం ఉందా, మాట ఉందా అని కాదు, బాధ ఉందా అని అడగాలన్నాడు. ఈ మాటను ఎత్తిరాయని జంతునీతి పుస్తకం లేదు. అదే అధోజ్ఞాపికలో ఆయన ఇంకొకటి కూడా అన్నాడు: తిండి కోసం చంపితే తప్పులేదు, రేపటి గురించి బెంగపడే శక్తి వాటికి లేదు కనుక చావు వాటికి పెద్ద నష్టం కాదని. ఈ రెండో సగాన్ని వదిలేసి మొదటి సగాన్నే పూజించడం ఈ రంగానికి అలవాటైపోయింది. హింసించడం తప్పని గట్టిగా చెప్పగలిగి, చంపడం దగ్గరికి వచ్చేసరికి తడబడే బలహీనత అప్పటిదే. సింగర్‌కూ అది వారసత్వంగా వచ్చింది. సుఖంగా బతికిన కోడిని నొప్పి లేకుండా చంపి, దాని చోట అంతే సుఖంగా బతికే ఇంకో కోడిని పెడితే లోకంలో తరిగిందేమిటి అన్న ప్రశ్నకు ‘ప్రాక్టికల్ ఎథిక్స్’ మొదలుకొని ఆయన ఇచ్చిన జవాబులు మారుతూ వచ్చాయి తప్ప తృప్తిగా కుదరలేదు.

ఆ లోటు పూడ్చడానికే అమెరికా తత్వవేత్త టామ్ రేగన్ 1983లో ‘ది కేస్ ఫర్ యానిమల్ రైట్స్’ రాశారు. నొప్పిని తూకం వేయడం కాదు, జంతువుకు హక్కుందని ఒప్పుకోవాలన్నారు. కోరికలు, జ్ఞాపకాలు, తన బతుకు బాగుండాలన్న తపన ఉన్న ప్రాణి ఏదైనా, కనీసం ఏడాది దాటిన ప్రతి క్షీరదమూ, తన జీవితానికి తానే కర్త. దాన్ని ఇంకొకరి మేలు కోసం సాధనంగా వాడకూడదు. లాభం ఎంతదైనా సరే.

ఈ ఇద్దరి మధ్య తేడా ఎంతో మనకు బాగా తెలిసిన ఒక సందర్భంలో పెట్టి చూడొచ్చు. 2020లో, హైదరాబాద్‌లో తయారైన కోవాగ్జిన్‌ను 20 రీసస్ కోతుల మీద పరీక్షించారు. ఐదేసి కోతుల చొప్పున నాలుగు గుంపులు. మూడు గుంపులకు టీకా రకాలు, నాలుగోదానికి ఉత్తి మందు. తర్వాత అన్నింటికీ వైరస్ ఎక్కించి చూశారు. సింగర్ లెక్కలో ఇది తూకం ప్రశ్న: వేరే దారి నిజంగా లేకపోతే, లక్షల ప్రాణాలు నిలుస్తాయన్న నమ్మకానికి ఆధారం ఉంటే, ఒప్పుకోవచ్చు. కానీ ఒక షరతు. అదే మానసిక స్థాయి ఉన్న మనిషి మీద అదే ప్రయోగం చేయడానికి సిద్ధపడని వాళ్లు కోతి మీద చేయడం పక్షపాతమే అవుతుంది. రేగన్ లెక్కలో ఇరవై కాదు, ఒక్క కోతిని కూడా ముట్టుకోకూడదు. 1986లో కార్ల్ కోహెన్ ఒక వైద్య పత్రికలో వీళ్లిద్దరికీ ఎదురు నిలబడ్డారు. హక్కులనేవి ఒకరి పట్ల ఒకరు బాధ్యత ఒప్పుకోగల సమాజంలో పుట్టేవి, అవి కోతికి వర్తించవు, మనుషులను కాపాడే ప్రయోగం మానడమే తప్పు అన్నది ఆయన పక్షం. ఆ టీకా వేయించుకున్న వాళ్లలో నేనూ ఒకణ్ని. ఆ ఇరవై ప్రాణులకు నేను బాకీ ఉన్నానని అనిపిస్తుంది. ఈ మూడు వాదాల్లో ఏదీ ఆ బాకీని ఎలా తీర్చాలో చెప్పదు.

విచిత్రమేమంటే రేగన్ కూడా చివరిదాకా నిలబడలేకపోయారు. నలుగురు మనుషులు, ఒక కుక్క ఉన్న పడవ మునుగుతుంటే కుక్కనే తోసేయాలని ఆయనే రాశారు. ఒకటి కాదు, పది లక్షల కుక్కలైనా సరేనన్నారు. సమాన హక్కు ఉన్న ప్రాణుల మధ్య ఈ తేడా ఎక్కణ్నించి వచ్చిందని విమర్శకులు ఇప్పటికీ అడుగుతూనే ఉన్నారు.

ప్రయోగశాలలను మార్చింది మాత్రం ఈ గ్రంథాల కంటే ముందు, 1959లో, రసెల్, బర్చ్ అనే ఇద్దరు ఆంగ్ల శాస్త్రవేత్తలు చెప్పిన మూడు మాటలు. జంతువుకు బదులు వేరేది వాడగలవా, సంఖ్య తగ్గించగలవా, బాధ తగ్గించగలవా? మన దేశంలో ప్రయోగశాలల్లోని జంతునీతి కమిటీలు నేటికీ అడిగేది ఇవే. 2023లో కొత్త మందుల నిబంధనలను సవరించి, జంతువులకు బదులు కణాల మీద, చిప్‌ల మీద చేసే పరీక్షలకు దారి తెరిచారు. కుర్చీలో కూర్చుని ఆలోచించేవాళ్ల కంటే, బోను తలుపు తీసి మూసేవాళ్లు పెట్టుకున్న నియమాలే జంతువులకు ఎక్కువ మేలు చేశాయన్నది ఈ చరిత్ర చూసిన వాళ్లెవరైనా ఒప్పుకోవాల్సిన మాట.

సింగర్ వాదంలో నాకు మింగుడుపడని ముక్క ఒకటుంది. జంతువుకు బుద్ధి తక్కువ కనుక లెక్కలోకి రాదని ఎవరైనా అంటే, బుద్ధిమాంద్యం ఉన్న పసివాడి సంగతేమిటని ఆయన ఎదురడుగుతారు. తర్కంగా చూస్తే ఆ దెబ్బకు తిరుగులేదు. కానీ ఆ దెబ్బ తగిలేది ఎవరికి? తీవ్ర వైకల్యంతో పుట్టిన శిశువుల బతుకు విషయంలో ఆయన వెలిబుచ్చిన అభిప్రాయాల మీద ప్రిన్స్‌టన్‌లో 1999లో వికలాంగులు చక్రాల కుర్చీలతో అడ్డుపడి నిరసన తెలిపారు. 2002లో హారియెట్ మెక్‌బ్రైడ్ జాన్సన్ అనే న్యాయవాది ప్రిన్స్‌టన్‌కు వెళ్లి ఆయనతో ముఖాముఖి వాదించారు. పుట్టుకతోనే కండరాలు క్షీణించే జబ్బున్న మనిషి ఆమె. నువ్వు పుట్టకపోతేనే బాగుండేదేమో అని మర్యాదగా చెబుతున్న మనిషితో మర్యాదగా మాట్లాడటం ఎలా ఉంటుందో మరుసటి ఏడాది రాసిన వ్యాసంలో ఆమె చెప్పారు. జంతునీతి గురించి చదవాలనుకునే కుర్రవాళ్లకు సింగర్‌తోపాటు ఆ వ్యాసం కూడా చేతిలో పెట్టాలి. ఒక బలహీనుడికి చోటు చూపించడానికి ఇంకో బలహీనుణ్ని కొలబద్దగా వాడటం మంచి వాదం అనిపించుకోదు. ఇదే వైకల్యం వైపు నుంచి జంతువుల పక్షాన కూడా నిలబడొచ్చని సునౌరా టేలర్ 2017లో ‘బీస్ట్స్ ఆఫ్ బర్డెన్’లో చూపించారు. ఒళ్లు పనిచేయనంత మాత్రాన ఒకరి బతుకు విలువ తగ్గదన్న సూత్రం ఆవుకూ వర్తిస్తుంది, మనిషికీ వర్తిస్తుంది.

మధ్యలో వచ్చిన మరికొందరిని త్వరగా దాటేస్తున్నాను, వాళ్లు తక్కువవాళ్లని కాదు. కోరా డైమండ్ 1978లోనే, మనం మనిషిని తినకపోవడానికి కారణం అతని హక్కులు కాదు, అతను మనకు తోటివాడు కావడం అన్నారు. మేరీ మిడ్‌గ్లీ మనుషులూ పశువులూ ఎప్పుడూ కలిసే ఊళ్లు కట్టుకున్నారని గుర్తుచేశారు. క్యారల్ ఆడమ్స్ 1990లో మాంసానికీ మగతనానికీ ఉన్న లంకెను విప్పారు. మార్తా నుస్బామ్, క్రిస్టీన్ కోర్స్‌గార్డ్ అరిస్టాటిల్‌నూ కాంట్‌నూ తిరగదోడి, ఆ పాత గురువుల ఇళ్లలోనే జంతువుకు గది చూపించారు. కాంట్ వరకు ఇది పెద్ద సాహసమే. కుక్కను కొట్టడం తప్పెందుకంటే, అలా కొట్టేవాడు రేపు మనిషి పట్ల కూడా కరకుగా మారతాడు కనుక అన్నది ఆయన చెప్పిన కారణం.

2011లో స్యూ డొనాల్డ్‌సన్, విల్ కిమ్లికా రాసిన ‘జూపోలిస్’తో చర్చ నీతి నుంచి రాజకీయం వైపు మళ్లింది. ఇంట్లో, దొడ్లో పెరిగే జంతువులు మన తోటి పౌరులు. అడవిలో ఉండేవి తమ రాజ్యాల్లో తాము స్వతంత్రులు. ఊళ్లో ఉంటూ ఎవరికీ చెందని పావురాలు, ఉడతల వంటివి మన మధ్య నివాసం ఉన్న పొరుగువాళ్లు. ఒక్కొక్కరి పట్ల మన బాధ్యత ఒక్కో రకం. జంతువు తలలో ఏముంది అన్న ప్రశ్నను పక్కనపెట్టి, జంతువుకూ మనకూ సంబంధమేమిటి అని అడగడం ఈ పుస్తకం చేసిన మేలు.

కానీ మన వీధికుక్క ఈ మూడు గడుల్లో దేంట్లోనూ ఇమడదు. మనిషి మచ్చిక చేసిన జాతే, కానీ మెడకు పట్టీ లేదు. వీధి పేరుతో బతుకుతుంది, ఆ వీధిలో నలుగురు అన్నం పెడతారు, ఇద్దరు రాళ్లు వేస్తారు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో ఒక పసివాడు వీధికుక్కల దాడిలో చనిపోయాక, దయ ఎవరిమీద అన్న ప్రశ్న ఎంత కరకుగా వినిపించిందో నగరంలో ఉన్నవాళ్లకు గుర్తే. 2025 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఢిల్లీ పరిసరాల్లోని వీధికుక్కలన్నింటినీ పట్టి షెల్టర్లలో ఉంచమంది. పదకొండు రోజుల్లోనే, 22న, ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని సవరించి, ఆపరేషన్ చేసి, టీకా వేసి, రేబిస్ ఉన్నవీ మీదపడి కరిచేవీ తప్ప మిగిలినవాటిని పట్టిన చోటే వదలమంది. నవంబరులో బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వేస్టేషన్ల నుంచి తీసేయమంది.

ఈ చర్చ మనకు కొత్తది కాదు. 1926లో అహ్మదాబాద్ మిల్లు యజమాని అంబాలాల్ సారాభాయ్ 60 వీధికుక్కలను చంపించారు. అహింసావాదులు ఆగ్రహించారు. గాంధీ ఆయన్ని సమర్థించారు. ‘యంగ్ ఇండియా’లో వారాల తరబడి రాసిన వ్యాసాల్లో గాంధీ వాదం సూటిగా ఉంది: పెంచే బాధ్యత తీసుకోకుండా వీధిలో ముద్ద విసరడం దయ కాదు. కుక్కకు యజమాని ఉండాలి, లేదంటే ఊరు దాని భారం మోయాలి. రెండేళ్లకు, 1928లో, ఆశ్రమంలో కోలుకోలేని బాధతో ఉన్న దూడకు ఆయన విషపు ఇంజెక్షన్ ఇప్పించారు. దానికీ తిట్లు తిన్నారు. కుక్కల విషయంలో ఆయన తీర్పుతో నేను ఏకీభవించను. అప్పటికి వీధికుక్కలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల కార్యక్రమం లేదు, ఇప్పుడుంది. కానీ ఆయన పెట్టిన పరీక్ష సరైనది. మనం ఓదార్చుకుంటున్నది మన మనసునా, భారం మోస్తున్నామా? ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో ఉన్న కృతికా శ్రీనివాసన్ బ్రిటన్‌నూ భారతదేశాన్నీ పక్కపక్కన పెట్టి చూశారు. వీధుల్లో కుక్క కనిపించని బ్రిటన్‌లో యజమాని లేని కుక్క దొరికితే బంధిస్తారు, గడువు దాటితే చంపడానికి కూడా చట్టం ఒప్పుకుంటుంది. కుక్క లేని వీధి దయగల వీధి అనుకునేవాళ్లు ఆ రెండో సగం కూడా చూడాలి.

చట్టం మాటకొస్తే, గ్యారీ ఫ్రాన్సియోన్ 1995 నుంచి ఒకే మాట చెబుతున్నారు: జంతువు ఆస్తిగా ఉన్నంతకాలం ఏ తూకంలోనైనా యజమాని లాభమే మొగ్గుతుంది. మన 1960 నాటి జంతుహింస నివారణ చట్టాన్ని చూస్తే ఆయన మాట తీసిపారేయలేం. ఆ చట్టం వెనుక రుక్మిణీదేవి అరండేల్ పట్టుదల ఉంది. రాజ్యసభలో ఆమె సొంతంగా ప్రవేశపెట్టిన బిల్లే దానికి మూలం. కానీ మొదటిసారి నేరానికి జరిమానా 10 నుంచి 50 రూపాయలు. అరవై ఏళ్లు దాటినా అంతే. 2014లో సుప్రీంకోర్టు జల్లికట్టును నిషేధిస్తూ, ఆక్స్‌ఫర్డ్‌లో రైడర్ పంచిన ఆలోచనను ఆయన పేరుతో సహా తీర్పులో ఉటంకించింది. ఎద్దుకూ గౌరవంగా బతికే హక్కుందన్నంత దూరం వెళ్లింది. 2023 మే 18న ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం జల్లికట్టును అనుమతించే తమిళనాడు సవరణను సమర్థిస్తూ అక్కణ్నించి వెనక్కి వచ్చింది. హైదరాబాద్‌ నల్సార్‌ న్యాయ విశ్వవిద్యాలయంలో జంతుచట్టాల అధ్యయనానికి ప్రత్యేక కేంద్రం ఉంది. ఈ రెండు తీర్పుల మధ్య దూరాన్ని కొలిచే పని అలాంటి చోట్ల గట్టిగా జరగాలి.

మన సంక్రాంతి కోడిపందేలనే తీసుకుందాం. 2016 డిసెంబరులో ఉమ్మడి హైకోర్టు ఆపమంది. చట్టం ప్రకారం కోళ్లను కొట్లాటకు ఉసిగొల్పడం నేరం. అయినా గోదావరి జిల్లాల్లో ప్రతి ఏటా బరులు లేస్తూనే ఉన్నాయి. కత్తి కట్టి వదలడం క్రూరమే, నాకందులో సందేహం లేదు. కానీ ఆ పుంజు బతికిన రోజులు బయట తిరిగింది, బాదంపప్పు తిన్నది, పేరు పెట్టి పిలిపించుకుంది. అదే జిల్లాల్లో లేయర్ షెడ్లలో గుడ్లు పెట్టే కోడికి చాలాకాలంగా వాడుకలో ఉన్న చోటు 450 చదరపు సెంటీమీటర్లు. ఒక ఏ4 కాగితం వైశాల్యం దాదాపు 624. రెక్క పూర్తిగా విప్పకుండానే ఏడాదికి పైగా గుడ్లు పెట్టి చనిపోతుంది. కదలడానికి చాలని బోనులో ప్రాణిని ఉంచడం కూడా అదే చట్టంలో, అదే సెక్షన్‌లో నేరమే. 2017లో లా కమిషన్ తన 269వ నివేదిక మొత్తాన్ని కోళ్లకే కేటాయించింది. కళ్లెదుట మూడు నిమిషాలు కారే రక్తానికి కోర్టు కదులుతుంది. షెడ్డులో ఏడాదిన్నర సాగే ఇరుకు మాత్రం వ్యాపారం అనిపించుకుంటుంది. యూరోపియన్ యూనియన్ 2012 నుంచి ఆ బోన్లను నిషేధించింది.

భారతీయ సంప్రదాయంలో అహింస ఉంది కనుక మనకు ఈ చదువుతో పనిలేదని కొందరంటారు. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద అశోకుడి శాసనాలున్నాయి. మొదటి శాసనంలో ఆయన తన వంటింటి లెక్క చెక్కించాడు. ఒకప్పుడు రోజూ లక్షల ప్రాణులు కూర కోసం చచ్చేవి, ఇప్పుడు మూడే, రెండు నెమళ్లు, ఒక జింక, జింక కూడా రోజూ కాదు, ఇకముందు అవీ ఉండవు. రాజు ముందు తన పళ్లెంలోంచి తీశాడు. రెండో శాసనంలో మనుషులతో పాటు పశువులకూ వైద్యం, మందుమొక్కలు ఏర్పాటు చేశానన్నాడు, అంటే ఖర్చు ఖజానాది. కాందహార్‌లోని శాసనంలోనేమో రాజు వేటగాళ్లు, జాలర్లు వేట మానేశారని ఉంది. వాళ్లు ఆ తర్వాత ఏం తిని బతికారో ఆ రాయి చెప్పదు. మన అహింసా చరిత్ర మొత్తానికి ఈ మూడు శాసనాలు చాలు: సొంత పళ్లెం వదులుకున్న దయ ఉంది, ఖజానా మోసిన దయ ఉంది, పేదవాడి పొట్ట మీదుగా నడిచిన దయ కూడా ఉంది.

పాల సంగతి చూస్తే ఇది ఇంకా స్పష్టం. 2019 పశుగణన ప్రకారం దేశంలో ఆవుజాతి పశువులు 19.25 కోట్లు. అందులో ఆడవి 14.51 కోట్లు, మగవి 4.74 కోట్లు. పుట్టేటప్పుడు దూడల్లో ఆడ, మగ దాదాపు సమానం. మిగిలిన మగవేమయ్యాయి? ట్రాక్టరు వచ్చాక ఎద్దుతో పని తగ్గింది. సంకరజాతి కోడెదూడ అరకకూ అంతగా పనికిరాదు. తల్లి పాలు అమ్మకానికి పోవాలి. కొన్ని పాలు లేక డొక్కలు ఎండి పోతాయి, కొన్ని సంతలో చేతులు మారతాయి. ఇంకొన్ని మొక్కుగా గుడికి చేరతాయి, సింహాచలంలో, వేములవాడలో కోడెను సమర్పించడం తరతరాల మొక్కు. భక్తి నిజమే. కానీ ఇంట్లో మేపలేని దూడను దేవుడి దొడ్డికి చేర్చే దారిగా కూడా అది మారింది. గోశాల దానికి తగ్గట్టు పెరగలేదు. ఆస్ట్రేలియాలోని డీకిన్ విశ్వవిద్యాలయానికి చెందిన యామినీ నారాయణన్ 2023లో తెచ్చిన ‘మదర్ కౌ, మదర్ ఇండియా’ సరిగ్గా ఈ ముడిని విప్పుతుంది. పాడి ఉన్నచోట వధ ఉండి తీరుతుంది. పాలు పవిత్రం, లాభం మనందరిది, చంపిన పాపం మాత్రం ముస్లింల నెత్తిన, దళితుల నెత్తిన. ఆవు తల్లి అయినప్పుడు ఇంతకంటే ఎక్కువ పాలిచ్చే గేదె ఎందుకు కాలేదని కంచ ఐలయ్య ‘బఫెలో నేషనలిజం’లో 2004లోనే నిలదీశారు. ఆయన ప్రశ్న కులం గురించి, నారాయణన్ ప్రశ్న జంతువు గురించి. రెండూ ఒకే దొడ్లో కలుస్తాయి. తోలు వొలిచినందుకు, కళేబరం ఎత్తినందుకు మనుషుల్ని కొట్టే దయను నేను దయగా ఒప్పుకోను. అలాగని ఆ కొట్టేవాళ్ల మీద కోపంతో, పాలు లేక చచ్చే దూడ బాధను చిన్నది చేయడానికీ మనసొప్పదు. ఆడదూడలే పుట్టేలా వేరుచేసిన వీర్యాన్ని ప్రభుత్వం ఇప్పుడు ప్రోత్సహిస్తోంది. పుట్టి ఆకలితో చావడం కంటే పుట్టకపోవడమే మేలా అన్న ప్రశ్న తత్వవేత్తలకు పాతది. మన పశువైద్యశాలల్లో అది రోజువారీ పనిలోకి వచ్చేసింది.

ఇక ఏ ప్రాణికి నొప్పి ఉంది అన్న మొదటి ప్రశ్న దగ్గర గత ఇరవై ఏళ్లలో శాస్త్రం చాలా దూరం నడిచింది. 2003లో లిన్ స్నెడన్ బృందం స్కాట్లాండ్‌లో ట్రౌట్ చేపల పెదవుల్లోకి పలుచటి ఆమ్లం ఎక్కించింది. చేపలు అటూ ఇటూ ఊగాయి, పెదవులను తొట్టె అడుగున గులకరాళ్లకు రుద్దుకున్నాయి, మొప్పలు వేగంగా ఆడాయి, మేత ముట్టడానికి గంటల సమయం పట్టింది. మార్ఫిన్ ఇస్తే ఇవన్నీ తగ్గాయి. మరో పరీక్షలో తొట్టెలోకి ఎర్ర లెగో ముక్కలతో కట్టిన బురుజు దించారు. మామూలుగా ట్రౌట్ కొత్త వస్తువును చూస్తే దూరం జరుగుతుంది. ఆమ్లం ఎక్కిన చేప దాన్ని గమనించనే లేదు. నొప్పి దాని ధ్యాసంతా లాగేసుకుంది. మార్ఫిన్ ఇచ్చాక మళ్లీ భయపడింది. బొమ్మ ముక్కలతో చేసిన ఈ పరీక్షను మించిన అందమైన ప్రయోగం ఈ రంగంలో నాకు తెలియదు. చేపకు మెదడులో కార్టెక్స్ లేదు కనుక ఇది నొప్పి కాదని 2016లో బ్రయన్ కీ వాదించారు. ఆ ఒక్క వ్యాసానికి వచ్చిన స్పందనలతోనే ఒక పత్రిక నిండిపోయింది. ఎక్కువమంది ఆయనతో విభేదించారు.

తర్వాత వంతు ఎండ్రకాయలది, రొయ్యలది. రాబర్ట్ ఎల్‌వుడ్ బృందం చిన్న రొయ్య మీసానికి ఆమ్లం రాస్తే అది ఆ మీసాన్నే పదేపదే తుడుచుకుంది, తొట్టె గోడకు రుద్దుకుంది. ముందుగా మత్తు రాస్తే ఆ రుద్దడం తగ్గింది. 2021లో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో జొనాథన్ బర్చ్ నాయకత్వంలోని బృందం 300కు పైగా పరిశోధనలను జల్లెడపట్టి ప్రభుత్వానికి నివేదిక ఇచ్చింది. దాని ఫలితంగా బ్రిటన్ 2022 చట్టంలో పీతలు, లాబ్‌స్టర్లు, రొయ్యలు, ఆక్టోపస్‌లు నొప్పి తెలిసిన ప్రాణులుగా చేరాయి. ఆ నివేదికలో ఒక వాస్తవం మనల్ని నేరుగా తాకుతుంది. పీతల విషయంలో ఆధారాలు బలంగా ఉన్నాయి. మన వనామీ, టైగర్ ఉన్న రొయ్యల కుటుంబం దగ్గరికి వచ్చేసరికి పలచబడ్డాయి. కారణం వాటికి నొప్పి లేదని తేలడం కాదు, ఎవరూ సరిగా చూడకపోవడం. ప్రపంచంలో అత్యధికంగా పెంచే ప్రాణుల్లో ఒకటి, అతి తక్కువగా పరిశీలించిన ప్రాణుల్లోనూ ఒకటి.

2009లో వనామీ దేశంలోకి వచ్చినప్పటి నుంచి దాని పెంపకంలో సింహభాగం ఆంధ్ర తీరానిదే. మన రొయ్యల ధర కౌంట్ మీద పలుకుతుంది. వంద కౌంట్ అంటే కిలోకి వంద ప్రాణులు. ఒక గేదె మాంసానికి సమానమైన బరువు రొయ్యలంటే వేల ప్రాణాలని నీతిశాస్త్రం వేసుకునే లెక్క, మన కొనుగోలు కేంద్రాల బోర్డు మీద రోజూ సుద్దతో రాసే ఉంటుంది. హేచరీలో తల్లి రొయ్య త్వరగా గుడ్లకు రావడానికి ఒక కంటి కాడను తీసేస్తారు. ఆ కాడలో గుడ్లు ఎదగకుండా ఆపే హార్మోన్ ఉంటుంది. కాడ పోతే కొద్ది రోజుల్లోనే అండాశయం పండుతుంది. కొందరు నలుపుతారు, కొందరు దారంతో బిగిస్తారు, కొందరు కాల్చి కోస్తారు. బ్రిటన్ నివేదిక దీన్ని అక్కడ నిషేధించమంది. మన 1960 చట్టం ‘జంతువు’ అంటే మనిషి కాని ప్రాణి ఏదైనా అంటుంది, కనుక రొయ్య కూడా దాని నీడలోనే ఉంది. కానీ ఆ చట్టాన్ని పట్టుకుని ఎవరూ హేచరీ తొట్టె దగ్గరికి రాలేదు.

ఇక్కడే ఖర్చు ప్రశ్న అసలు రూపంలో కనబడుతుంది. స్కాట్లాండ్‌లోని స్టిర్లింగ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, కన్ను తీయని తల్లుల పిల్లలు వైట్ స్పాట్ అనే వైరస్ జబ్బునూ, చిన్న రొయ్యలను తుడిచిపెట్టే ఒక బాక్టీరియా జబ్బునూ ఎక్కువగా తట్టుకున్నాయని 2021లో ప్రచురించారు. వైట్ స్పాట్‌తో చెరువు పోగొట్టుకున్న రైతుకు ఆ ఒక్క వాక్యం చాలు. కానీ కన్ను తీయకపోతే తల్లులు నెమ్మదిగా గుడ్లకు వస్తాయి, అదే సీడ్ తీయడానికి హేచరీకి ఎక్కువ తల్లులు కావాలి. ఆ ఖర్చు సీడ్ ధరలోకి వస్తుంది. కౌలుకు చెరువు తీసుకున్న రైతు మీద దాన్ని మోపితే అతను పాత సీడ్ అమ్మే హేచరీకే పోతాడు, అతన్ని తప్పు పట్టలేం. ఆ భారం మొదట మోయాల్సింది ఎగుమతిదారు, ఆ తర్వాత అమెరికాలో, యూరప్‌లో కొనుక్కుని తినేవాళ్లు. రొయ్య నొప్పి గురించి నివేదికలు రాయించుకునే స్తోమత ఉన్నది ఆ దేశాలకే. ముత్తుకూరు మత్స్యకళాశాల వంటి చోట్ల వనామీ నొప్పి మీద ఎల్‌వుడ్ చేసిన పాటి ప్రయోగాలు చేయడానికి కావాల్సిన తొట్టెలు, తల్లులు, కన్ను తీయడంలో చేయి తిరిగిన పనివాళ్లు అన్నీ చుట్టుపక్కలే ఉన్నాయి. మత్తు రాసి కాడ తీస్తే తల్లి ప్రవర్తన ఎలా మారుతుంది, గుడ్లు ఎన్ని తగ్గుతాయి, హేచరీకి ఎంత నష్టం, ఈ మూడింటినీ ఒకే పరిశోధనలో కొలవాలి. మొదటి రెండూ కొలిచి మూడోది వదిలేసిన పరిశోధనను హేచరీ వాళ్లు చదవరు.